శుక్రవారం గిరాకీ

ఏర్గట్లలో మిగతా దుకాణాలకు అంగడి నాడు గిరాకీ ఉంటే, నా దుకాణానికి శుక్రవారం ఉండేది. అప్పట్లో గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. దుబాయి మనకంటే గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనుక. క్యాంపుల్లో మనోళ్లు ఆలస్యంగా లేచి, వారం బట్టలు పిండుకొని, కూర వండుకొని, నెట్ సెంటర్ దాకా నడిచి వచ్చేసరికి ఇక్కడ పొద్దు వాలేది. పొద్దటిపూట నేను పాస్‌పోర్టు జిరాక్సులు తీస్తూ ఈగలు తోలుకునేవాణ్ని. మూడు దాటిందంటే బెంచీ మీద జాగా దొరికేది కాదు.

2007 చివర్లో దుకాణం తెరిచాను. అప్పటికి ఏర్గట్ల మోర్తాడ్ మండలంలో ఒక ఊరు. మండలమైంది 2016 అక్టోబరులో, కొత్త జిల్లాలతో పాటు. మోర్తాడ్, కమ్మర్‌పల్లి, బాల్కొండ, ఇటు మెట్‌పల్లి, కోరుట్ల దాకా ఏ వాడకు పోయినా గల్ఫ్‌లో ఉన్నవాళ్ల ఇండ్లే. పసుపు, మక్క, ఎర్రజొన్న పండే నేల ఇది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఆడినన్నాళ్లు చెరుకు కూడా. బోరు అప్పు తీర్చడానికి ఒకరు, బిడ్డ పెండ్లికని మరొకరు విమానం ఎక్కేవారు. 2007లో యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే కాగితాలు లేక చిక్కుకున్నవాళ్లు ఎందరో తిరిగొచ్చారు. వాళ్లే నాకు మొదటి గిరాకీ. మళ్లీ పోవడానికి ఫారాలు నింపించుకునేవాళ్లు.

కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేస్తే బాగోగులు అడిగేలోపే పైసలు అయిపోయేవి. నెట్ సెంటర్‌లో ఆ పైసలతో గంటసేపు కూర్చోవచ్చు. అందుకే చాటింగ్. కానీ ఎవరి చాటింగ్ వాళ్లది. ఒకరి కొడుకు యాహూలో ఉంటాడు, ఇంకొకరి అల్లుడు గూగుల్ టాక్‌లో, మస్కట్‌లో ఉన్న ఒకాయన ఎమ్మెస్సెన్ తప్ప వేరేది ముట్టడు. నా దగ్గరున్నవి రెండు పాత పెంటియం-4 కంప్యూటర్లు, ఒక్కోదాంట్లో 256 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. మూడు మెసెంజర్లూ ఒకేసారి తెరిస్తే తెర బిగుసుకుపోయేది. పైగా పెన్‌డ్రైవ్‌ల పురుగులు. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒకటైతే ఓర్కుట్ తెరవగానే 'ఓర్కుట్ నిషేధం' అని గద్దించి కిటికీ మూసేసేది. కాలేజీ పిల్లలు నేనే బంద్ పెట్టాననుకొని నాతో తగవుపడేవాళ్లు.

ఉబుంటు సంగతి చెప్పింది హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా చిన్నాయన కొడుకు. వెబ్‌సైట్‌లో చిరునామా నింపితే సీడీని ఇంటికి ఉచితంగా పంపుతారన్నాడు. షిప్‌ఇట్ అని ఆ ఏర్పాటు 2011 దాకా నడిచింది. నేను నమ్మలేదు కానీ నింపాను. కొన్ని వారాలకు పోస్ట్‌మ్యాన్ విదేశీ కవరు తెచ్చాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా చుట్టూ మూగారు.

"డ్రాఫ్టా తమ్మీ?"

"కాదు పెద్దనాయిన, కంప్యూటర్‌ల ఏసే సీడీ."

"ఊకెనే పంపిండ్రా? గట్లెట్ల పంపుతరు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు సరైన జవాబు లేదు. సీడీ మీద 8.04 అని ఉంది, అంటే 2008 ఏప్రిల్‌లో విడుదలైనది. నిజామాబాద్ పోయి ఇంకో 256 ఎంబీ ర్యామ్ ముక్క కొని తెచ్చి, ఒక కంప్యూటర్‌లో ఎక్స్‌పీని అలాగే ఉంచి, హార్డ్‌డిస్క్‌ను రెండుగా చీల్చి, రెండో సగంలో ఉబుంటు ఎక్కించాను. తెర వెలిగింది, మౌసు కదిలింది, పాట మోగింది. నెట్ మాత్రం రాలేదు. లైన్ చూసే కుర్రాడికి ఎక్స్‌పీ తప్ప వేరేది తెలియదు. "గిది మా లిస్టుల లేదు అన్నా" అని చేతులెత్తేశాడు. పక్క కంప్యూటర్‌లో వెతికితే, టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి 'సుడో పీపీపీఓఈకాన్ఫ్' అని కొట్టాలని దొరికింది. కాగితం మీద రాసుకొని, అక్షరం అక్షరం కొట్టాను. అది యూజర్ పేరు, పాస్‌వర్డు అడిగింది. మోడెం మీద మిగిలిన దీపం కూడా వెలిగింది.

మెసెంజర్‌ను వేరుగా ఎక్కించే పనే పడలేదు. ఇంటర్నెట్ మెనూలో పిడ్జిన్ అని అప్పటికే ఉంది, ఊదా రంగు పావురం బొమ్మతో. దాన్ని 1998లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టాడు. తర్వాత ఆస్టెరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ రాసిందీ అతనే. అప్పట్లో దీని పేరు గెయిమ్. ఏఓఎల్ కంపెనీతో పేరు మీద ఉన్న తగాదాను రాజీతో తెంచుకొని, 2007లో పిడ్జిన్ అని మార్చారు. ఒకే కిటికీలో యాహూ, ఎమ్మెస్సెన్, గూగుల్ టాక్, ఇంకా నేను పేరు కూడా వినని పది రకాల ఖాతాలు కలిసి నడిచేవి. గూగుల్ ఖాతాకు ఎక్స్‌ఎంపీపీ అని ఎంచుకుంటే సరిపోయేది. డొమైన్ దగ్గర జీమెయిల్ డాట్ కామ్ అని రాయాల్సి ఉండేది. ఎందుకంటే గూగుల్ తన చాటింగ్‌ను 1999 నుంచీ నలుగురికీ తెరిచి ఉన్న జాబర్ పద్ధతి (ఎక్స్‌ఎంపీపీ అన్నా అదే) మీద కట్టింది. అందువల్ల జీమెయిల్ ఖాతా ఉన్నవాడు గూగుల్‌తో సంబంధం లేని వేరే సర్వర్‌లో ఉన్నవాడితో కూడా మాట్లాడగలిగేవాడు. ఇప్పుడు ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు.

మొదటి శుక్రవారం నాటికే ముసలమ్మలు ఆ కిటికీకి అలవాటు పడ్డారు. వాళ్లకు చదువు రాదు, రంగు వస్తుంది. పేరు పక్కన పచ్చ చుక్క ఉంటే కొడుకు వచ్చినట్టు. "తమ్మీ, గా యాహూ గీహూ నాకెర్కలేదు. మా పోరడు వచ్చిండా లేదా, గది చెప్పు" అనేది ఒకావిడ. ఆమె చెబుతుంటే నేను ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ని. జవాబు వస్తే పైకి చదివేవాణ్ని. అంతకుముందు తరంలో ఉత్తరాలు రాసిపెట్టినవాళ్లు చేసిన పనే ఇది. తేడా ఒక్కటే, ఉత్తరంలో కోపం చేరడానికి వారం పట్టేది, ఇక్కడ తగవు అక్కడికక్కడే. అత్త కూర్చుంటే ఒక మాట, కోడలు కూర్చుంటే ఒక మాట. రెండూ నా గొంతుతోనే చదవాలి.

తెలుగు అక్షరాల్లోనే కొడదామని పోతన ఫాంటు దింపి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాను. మా తెర మీద చక్కగా వచ్చింది. అవతల షార్జా నెట్ సెంటర్‌లో ఎక్స్‌పీకి ఇండిక్ వెసులుబాటు ఎవరూ వేయలేదు కాబట్టి అతనికి చదరాలు కనిపించాయి. "ఏం డబ్బాలు పంపుతున్నవ్?" అని తిట్టాడు. మళ్లీ ఇంగ్లిష్ అక్షరాలకే వచ్చాం. ఈ బాధను భాషాభిమానులు తీరిగ్గా పడొచ్చు. గంటకు ఇన్ని దిర్హాములని కట్టి కూర్చున్నవాడితో అది చెప్పలేం.

ఆ కోడళ్లలో ఒకామె గురించి చెప్పాలి. మొదట అందరిలాగే నాతో చెప్పించేది: మేమంతా బాగున్నాం, పిల్లగాడు బడికి పోతున్నాడు, మక్క మంచిగుంది. ఆ మూడు మాటలే ప్రతి వారం. కొన్నాళ్లకు కొడుకు ఒకటో తరగతి ఇంగ్లిష్ వాచకం పట్టుకొని వచ్చింది. పుస్తకం చూసి కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తర్వాత ఒక శుక్రవారం, "అన్నా, మీరు జర అటు జరుగుండ్రి, నేనే కొట్టుకుంట" అంది. నేను జిరాక్స్ మిషన్ దగ్గరికి పోయాను. గంట దాటినా లేవలేదు. పైసలిచ్చి పోయేటప్పుడు ముఖం చూస్తే, ఇన్నాళ్లూ నా ద్వారా ఆమె అసలు ఏమీ చెప్పలేదని అర్థమైంది.

దాంతో నాకు కొత్త పని పడింది. పిడ్జిన్ మామూలుగా ప్రతి సంభాషణనూ దాచిపెడుతుంది. 'పాస్‌వర్డు గుర్తుంచుకో' అని టిక్కు పెడితే ఆ పాస్‌వర్డును మామూలు అక్షరాల్లోనే ఒక ఫైల్లో రాసుకుంటుంది, ఎవరైనా తెరిచి చదవొచ్చు. దీని మీద జనం ఎంత గోల చేసినా తయారుచేసినవాళ్లు మార్చలేదు. పైపైన గజిబిజి చేస్తే భద్రంగా ఉందన్న భ్రమ తప్ప భద్రత రాదని వాళ్ల వాదన. వాదన నిజాయితీగానే ఉంది. కానీ నా దుకాణంలో అత్త లేచిన కుర్చీలోనే కోడలు కూర్చుంటుంది. కాబట్టి ప్రిఫరెన్సెస్‌లో లాగింగ్ కింద ఉన్న టిక్కులన్నీ తీసేశాను. పాస్‌వర్డు టిక్కు ఎవరు పెట్టినా పోయేలా, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ పాత ఖాతాలన్నీ తుడిచేసే నాలుగు లైన్ల స్క్రిప్టు పెట్టాను. నేను రాసిన మొదటి ప్రోగ్రాం అదే.

2009 జూన్‌లో యాహూ పచ్చ చుక్కలన్నీ ఒక్కసారిగా పోయాయి. గూగుల్ నడుస్తోంది, యాహూ మాత్రం లాగిన్ కాదు. యాహూ కంపెనీ తన తలుపు దగ్గర గుర్తింపు పద్ధతి మార్చింది; సొంత మెసెంజర్ కొత్త వెర్షన్‌కు తప్ప పాత పద్ధతిలో వచ్చేవాళ్లకు దారి మూసుకుపోయింది. బెంచీ మీద జనం. దుబాయిలో అప్పటికే మాంద్యం, కట్టే బిల్డింగులు ఆగిపోయి పనులు లేక మనుషులను వెనక్కి పంపుతున్నారు. ఒక్క శుక్రవారం కొడుకు కనిపించకపోతే ఇంట్లోవాళ్లు ఎన్ని ఊహించుకుంటారో చెప్పక్కర్లేదు. పక్కనున్న ఎక్స్‌పీ కంప్యూటర్ మీద అందరినీ వరసగా కూర్చోబెట్టి ఆ పూట గట్టెక్కాను.

రాత్రి వెతికితే రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఖాతా అడ్వాన్స్‌డ్ పేజీలో పేజర్ సర్వర్ పేరు మార్చి, ఇంకా పాత పద్ధతి ఒప్పుకుంటున్న వేరే యాహూ సర్వర్‌కు తిప్పడం. అది అప్పటికప్పుడు పనిచేసింది. రెండోది అసలు మందు: కొన్ని రోజుల్లోనే పిడ్జిన్ వాళ్లు 2.5.7 వెర్షన్ విడుదల చేశారు. ఉబుంటు నుంచి అది వచ్చేదాకా ఆగకుండా, మూలం కోడ్ దింపుకొని నేనే కట్టుకోవాలనుకున్నాను. 'కాన్ఫిగర్' అంటే అది లేదంటుంది, ఇది లేదంటుంది: జీటీకే ఫైళ్లు, ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ. 'ఆప్ట్-గెట్ బిల్డ్-డెప్ పిడ్జిన్' అని ఒక్క వరస కొడితే కావలసినవన్నీ తెచ్చుకుంటుందని తర్వాత తెలిసింది. ఇక 'మేక్' అని కొట్టి కూర్చున్నాను. తెర మీద అర్థం కాని వరసలు పారుతున్నాయి. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కుయ్యోమని ఆగిపోయింది. ఆ రోజుల్లో ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే పని. వచ్చాక మళ్లీ 'మేక్' అంటే మొదటి నుంచి కాక, ఆగిన చోటు నుంచే అందుకుంది. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది.

తెల్లారేసరికి నేను కట్టిన పిడ్జిన్ తెరుచుకుంది. యాహూ చుక్కలు పచ్చగా వచ్చాయి. ఎక్కడో ఎవరో జీతం లేకుండా రాసిన దిద్దుబాటు ఏర్గట్ల దాకా వచ్చింది, నేను ఎవరికీ పైసా కట్టలేదు, ఎవరినీ బతిమాలలేదు. కవరు వచ్చిన రోజు పెద్దనాయిన అడిగిన ప్రశ్నకు ఇప్పుడైతే జవాబు చెప్పగలనని అనిపించింది. కానీ ఆ సంబరంలోనే ఇంకోటి కూడా తెలిసింది. బోరు మనదే, మోటరు మనదే, కరెంటు మాత్రం వేరేవాళ్లది. వాళ్లు తీగ తెంపితే మన మోటరు ఎంత మంచిదైనా తిరగదు.

గొంతు వినాలని అందరికీ ఉండేది. ఆ ఆగస్టులో వచ్చిన 2.6లో లినక్స్ మీద మాట, వీడియో పెట్టారు కానీ, ఎమిరేట్స్‌లో నెట్ మీద ఫోన్ మాటలకు అడ్డుకట్ట ఉండేది కాబట్టి మావాళ్లలో ఎక్కువమందికి అది అక్కరకు రాలేదు. అక్షరాలతోనే బతికాం. అక్షరాల్లో ఏం మాట్లాడుకునేవాళ్లంటే, ఎక్కువగా పైసలు. ఎర్రజొన్న బకాయిలు వచ్చినయా? ఆర్మూర్‌లో 2008లో రైతులు రోడ్డెక్కిన తర్వాత చాన్నాళ్లు ఇదే ప్రశ్న. పసుపు ఉడకబెట్టిండ్రా, నిజామాబాద్ యార్డుకు ఎప్పుడు కొంటవోతరు? 2010లో పసుపు ధర ఎగిసినప్పుడు, గల్ఫ్ ఎందుకొచ్చిన్రా దేవుడా అని అక్కడివాళ్లు తలకొట్టుకున్నారు. ఆ తర్వాత ధర కూలితే, ఇక్కడే ఉంటే ఏమయ్యేవాణ్నని ఊపిరి పీల్చుకున్నారు. 2009 డిసెంబరు 9 రాత్రి తెలంగాణ ప్రకటన వచ్చింది కదా, ఆ శుక్రవారం దుకాణంలో ఒక్కరూ పైసల మాట ఎత్తలేదు. అవతలివాళ్లు అడిగిందే అడుగుతున్నారు: నిజమేనా, టీవీల చూసినవా, ఊళ్లె ఏం జేస్తున్రు? కొట్టీ కొట్టీ నా వేళ్లు నొప్పి పుట్టాయి.

ఆ రోజుల్లోనే కొన్ని ఇండ్లకు సొంత కంప్యూటర్లు వచ్చాయి. కొడుకు పైసలు పంపితే నిజామాబాద్‌లో కొని జీపులో తెచ్చేవాళ్లు. బిగించే పని నాదే. వాళ్లకు ఎక్స్‌పీనే కావాలి. సరే, దాని మీదే పిడ్జిన్ ఎక్కించేవాణ్ని. విండోస్‌కూ అది ఉచితమే, పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతే నెట్ లేకున్నా ఎక్కుతుంది. ఇంటి కంప్యూటర్ కాబట్టి అక్కడ లాగింగ్ టిక్కులు తీయలేదు. దాని ఫలితం పదేళ్లకు తెలిసింది.

2012, 13 తర్వాత కథ వేగంగా అయిపోయింది. చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, వాట్సాప్ వచ్చింది, ఇమో వచ్చింది. ముసలమ్మలు కొడుకు ముఖం చూసి మాట్లాడుతున్నారు, నడుమ నా అవసరం లేదు. దానికి నేను సంతోషించాను కూడా. నా శుక్రవారం మిగతా వారాల్లో కలిసిపోయింది. 2013లో గూగుల్ కంపెనీ టాక్ స్థానంలో హ్యాంగవుట్స్ తెచ్చింది; దాంట్లో బయటి సర్వర్లతో మాటలకు తలుపు లేదు. యాహూ 2016 ఆగస్టులో పాత మెసెంజర్లను, బయటివాళ్ల మెసెంజర్లను ఆపి, 2018 జులై 17న మొత్తం దుకాణమే ఎత్తేసింది.

2019లో అనుకుంటా, ఒకింటి అన్నదమ్ములు పంపకాల్లో పడ్డారు. అన్న పదేళ్లు బహ్రెయిన్‌లో ఉండి వచ్చాడు. పెద్ద పొలంలో బోరు తన పైసలతో వేసిందే అంటాడు. కాదు, ఆ ఏటి పసుపు పైసలతో వేసినమని తమ్ముడంటాడు. బ్యాంకు కాగితాలు లేవు, హవాలాలో పంపినవి కొన్ని. పెద్దమనుషులకు కూడా తెగలేదు. అప్పుడు అన్నకు ఆ కంప్యూటర్ గుర్తొచ్చింది. అటక మీద గోనెసంచిలో ఉంది. నన్ను పిలిచారు. సీపీయూ లేవలేదు, హార్డ్‌డిస్క్ విప్పి నా దానికి తగిలిస్తే తిరిగింది. అప్లికేషన్ డేటాలో '.పర్పుల్' అనే ఫోల్డరు, దాంట్లో 'లాగ్స్', దాంట్లో తేదీలవారీగా ఫైళ్లు. మామూలు వెబ్ పేజీల్లా బ్రౌజర్‌లో తెరుచుకున్నాయి. అన్నదమ్ములిద్దరూ నా భుజాల మీదుగా చదివారు. అన్న బోరుకు పంపిన మాట నిజమే. ఆ తర్వాతి వారమే, పసుపు అమ్మి సగం తిరిగిచ్చినట్టు తమ్ముడు కొట్టిన మాట కూడా అక్కడే ఉంది. ఇద్దరూ మరిచిపోయారు. పంచాయితీ పూర్తిగా తెగిందని చెప్పను, కానీ బోరు మాట మళ్లీ రాలేదు. అన్నకైతే బోరు కంటే, వాళ్ల నాయన చెప్పి కొట్టించిన మాటల దగ్గరే ఎక్కువసేపు ఆగాలనిపించింది. నాయన పోయి అప్పటికి మూడేండ్లు.

అదే ఇంట్లో ముందు వాడిన అసలు యాహూ మెసెంజర్ దాచిన ఫైళ్లు కూడా డిస్క్‌లో దొరికాయి. డాట్ డ్యాట్ అని ఉంటాయి, తెరిస్తే పిచ్చిగీతలు. యూజర్ పేరుతో మెలిపెట్టి దాచేది అది; విప్పాలంటే వేరే పనిముట్టు వెతుక్కోవాలి. మాట్లాడింది ఒకే మనిషి, ఒకే కుర్చీలో. ఒకదాంట్లో దాచినవి పదేళ్లకు ఏ పనిముట్టూ అక్కర్లేకుండా చదివాం, ఇంకోదాంట్లోవి చదవలేకపోయాం. ఓపెన్ సోర్స్ ఎందుకని నన్ను ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ రెండు ఫోల్డర్లనే.

వాట్సాప్ 2021 జనవరిలో షరతులు మార్చినప్పుడు కుర్రాళ్లు కొందరు వచ్చి డెస్క్‌టాప్‌లో సిగ్నల్ ఎక్కించమన్నారు. ఎక్కించాను, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. మంచి సాఫ్ట్‌వేర్, కోడ్ తెరిచే ఉంది, గుట్టు కాపాడటంలో దానికి పేరుంది. అయినా అందరూ ఒకే సంస్థ సర్వర్ మీద ఆధారపడాల్సిందే. ఆ నెలలోనే జనం ఒక్కసారిగా మీద పడితే అది ఒకరోజు ఆగిపోయింది కూడా. గూగుల్ టాక్‌లో పిడ్జిన్ లాంటి బయటి సాఫ్ట్‌వేర్లకు మిగిలి ఉన్న ఆఖరి దారి కూడా 2022 జూన్ 16న మూసుకుంది.

మీ ఇంట్లోనూ అటక మీద అలాంటి పాత సీపీయూ ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు హార్డ్‌డిస్క్ ఒక్కటి విప్పి ఉంచుకోండి. విండోస్ ఎక్స్‌పీ అయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో మీ పేరు కింద అప్లికేషన్ డేటాలో వెతకండి. లినక్స్ అయితే హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్నవి బయటపడతాయి. '.పర్పుల్' కనిపిస్తే అందులోని అకౌంట్స్ ఫైలు తీసేయండి, పాస్‌వర్డులు ఉండొచ్చు. లాగ్స్ ఫోల్డరును మాత్రం రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి. తెరవడం రాకపోతే ఏర్గట్లకు తీసుకురండి, చూసిపెడతాను.